బండకు ముగ్గు

పోయిన నెలలో ఒక గురువారం పొద్దున మా మామ పోయారు. కబురు విని ఇంటికి వచ్చిన ప్రతి మనిషీ చెప్పులు విడవకముందే అడిగిన మాట, "బండ మీద నుంచి పడినాడా?" అని. ఇద్దరు ముగ్గురికి మా అత్త ఓపికగానే జవాబు చెప్పింది. ఆ తర్వాత వచ్చినాయన మీద మాత్రం విరుచుకుపడింది.

"పడలేదప్పా! ఇంట్లోనే, కుర్సీలో కూసోని, కాఫీ తాగతా తాగతా పోయినాడు. బండ ఆయన్ని ఏమీ సెయ్యలేదు. దాన్ని అనొద్దండి."

ఏడుస్తున్న నేను తలెత్తి చూశాను. ఎందుకంటే ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ బండను అత్త తిట్టినంతగా ఇంకెవరూ తిట్టగా నేను వినలేదు.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో పని చేస్తాను. ఆ రోజు సీజను అయిపోయిన తీరికలో గాజు గొట్టాలు కడుగుతున్నాను. మా ఆయన ఫోను చేసి, "నాయన పోయినాడు, ఇంటికి రా" అన్నాడు. ఇంటికి ఎలా చేరానో తెలియదు. లోపలికి వస్తుంటే తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న చిన్న గుడ్డ సంచి భుజానికి తగిలింది. తెల్లగా దుమ్ము రాలింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఆ సంచి గురించి చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి. ఆయన బస్సు డ్రైవరు. చిత్తూరు, తిరుపతి మధ్య ఆయన నడపని బస్సు లేదేమో. చిన్నప్పుడు మేకల వెంట గుట్టలన్నీ ఎక్కిన మనిషి. ఉద్యోగం వచ్చాక సీటుకు అతుక్కుపోయారు. రిటైరయ్యే ముందు బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాళ్లు కొందరు తాళ్లు, బెల్టులు వేసుకుని ఆయన బస్సెక్కారట. యాడికి పోతారప్పా అని అడిగితే, బండలు ఎక్కడానికి అన్నారట. మా మామ పగలబడి నవ్వారట. మరుసటి ఆదివారం చూద్దామని పోయి, సాయంత్రం దాకా తిరిగి రాలేదు. ఆ కుర్రాళ్ల దగ్గర తాడు ముడి వేయడం, నడుముకు బెల్టు బిగించడం, కొక్కెం తగిలించడం బడికి పోయే పిల్లవాడిలా నేర్చుకున్నారు. వాళ్లు పోతూ పోతూ ఒక పాత తాడు, రెండు బెల్టులు ఇచ్చి పోయారు. కింద నిలబడి తాడు పట్టడానికి తన స్నేహితుడు, బజారు వీధి టైలరు సాయిబును ఒప్పించారు. అంతే, ఆదివారం వస్తే ఇద్దరూ ఇంట్లో దొరికేవాళ్లు కారు.

నేను కోడలిగా వచ్చిన మరుసటి పొద్దున ఈ ఇంట్లో చూసిన మొదటి గొడవ ముగ్గుపిండి కోసం. అత్త వాకిట్లో వంగి ముగ్గు వేస్తోంది. మామ చప్పుడు చేయకుండా వచ్చి, ఆమె డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు పిండి తీసి, ఆ గుడ్డ సంచిలో పోసుకున్నారు. ఇంకో పిడికెడు తీస్తుండగా దొరికిపోయారు.

"ఇంటికి ముగ్గేస్తే లచ్చిమి వస్తాది. ఆ బండకు పూస్తే ఏమొస్తాది?" అంది అత్త.

"నేను తిరిగి వస్తాను గదే, సాలదా?"

"ఆ, వచ్చినాడు పెద్ద లచ్చిమి!"

అంటూ అత్త మొహం పక్కకు తిప్పుకుంది. నేను అటుపక్కనే ఉన్నాను కాబట్టి ఆమె నవ్వు నాకు కనబడింది. ఆయనకు కనబడలేదు. కనబడకపోయినా తెలుసనుకుంటాను, రెండో పిడికెడు కూడా తీసుకునే పోయారు.

సంగతేమిటంటే, బండ ఎక్కేటప్పుడు అరచేతులకు చెమట పడుతుంది, పట్టు జారుతుంది. బెంగళూరు కుర్రాళ్లు దానికి ఏదో తెల్లటి పొడి నడుముకు కట్టుకుని వస్తారు. అది చూసి మా మామ, "ఇదేనా? మా ఇంట్లో వాకిట్లో పోస్తారు గదప్పా" అన్నారట. సాయిబు మిగిలిపోయిన జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి ఇచ్చాడు. దాని మీద చిన్న చిన్న గులాబీ పువ్వులు. అంత గంభీరమైన మీసాల మనిషి, నడుముకు గులాబీ పువ్వుల సంచి కట్టుకుని బండ ఎక్కుతుంటే, మొదటిసారి చూసినప్పుడు నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ మొదటిసారి నేను పోయింది బండ మీద ప్రేమతో కాదు. ఆదివారం వంటింటి నుంచి తప్పించుకుందామని. మామ స్కూటరు ఎక్కి పోయాను. మామిడి తోటలు దాటి పోతే, దున్నపోతు బండ. దూరం నుంచి చూస్తే నిజంగానే దున్నపోతు పడుకుని నెమరేస్తున్నట్టు ఉంటుంది. కడుపు, మెడ, మెడ వెనక ఉబ్బెత్తుగా మూపు. వెనక వైపు నుంచి మేకలు పోయే దోవ ఉంది, అందులో ఎవరైనా నడిచి పైకి పోవచ్చు. సాయిబు ఆ దోవనే పోయి, పైన తాడు కట్టి, దిగి వచ్చి కింద నిలబడతాడు.

"వెనక దోవ ఉంది కదా మామా, మరి ఈ పక్క ఎందుకు?" అని అడిగాను.

"ఆ దోవలో పోతే గుట్ట మీదికి పోతాము పాపా. ఈ పక్క పోతే గుట్టతో మాట్లాడతా పోతాము" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దాయనకు కాస్త తిక్క అనుకున్నాను.

ఎక్కే ముందు ఆయన చెప్పులు విడిచి, అరచెయ్యి బండకు ఆనించి కాసేపు ఊరికే నిలబడేవారు. ఏమిటిది అంటే, "పలకరించాల. మనింటికి ఎవురన్నా వచ్చి, ఒక మాట మాట్లాడకుండా గబగబా మిద్దెక్కితే ఊరుకుంటామా?" అనేవారు. నేనూ చెయ్యి పెట్టాను. రాత్రి చలి ఇంకా రాతిలోనే ఉంది. కొత్తగా గంట్లు కొట్టించిన రుబ్బురోలు లాంటి గరుకు.

నడుముకు బెల్టు బిగించి, తాడు తగిలించి, "ఇంక పో" అన్నారు. చేతులతో వేలాడి, నాలుగు అడుగులు పోయేసరికి మోచేతులు కొట్టుకుపోయాయి. కింద నుంచి ఆయన గొంతు: "సేతులు పట్టుకోడానికి పాపా, ఎక్కేది కాళ్లతో. కాళ్లను నమ్ము, పుట్టినప్పటి నుంచి మోస్తానే ఉండాయి గదా." కాలి బొటనవేలు ఒక చిన్న అంచు మీద పెట్టి లేచాను. లేచాను! ఆ సంగతి మాటల్లో చెప్పడం కష్టం. ఒక అడుగు ఎత్తు కూడా ఉండదు, అయినా గుండెలో ఎవరో గంట కొట్టినట్టు అయింది. పగులులో ఒక గడ్డిపువ్వు. దాని పక్కన నా చెయ్యి. తోటల మీద నుంచి వచ్చే గాలి. ఫ్యాక్టరీ, వంట, ఎవరో అన్న మాట, ఎవరికో నేను అనలేకపోయిన మాట, అన్నీ కిందే ఉండిపోయాయి. తర్వాతి చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నది తప్ప ఇంకో ఆలోచనకు తలలో చోటు లేదు. ఇంత తేలికగా నా తల ఎప్పుడూ ఖాళీ కాలేదు. అప్పుడు తెలిసింది, మామ మాట్లాడతాను అన్నది దేని గురించో.

దిగాక పైకి చూసి, "బయమేసింది మామా" అన్నాను.

"ఎయ్యనీ. దాన్ని ఇంట్లో పెట్టి రాలేము. వెంట తీసుకోని పోదాము, బరువేముంది?" అన్నారు.

ఆ తర్వాత నేను వంటింటి నుంచి తప్పించుకోవడానికి కాదు, నిజంగానే పోవడం మొదలుపెట్టాను. అత్త నన్ను కూడా తిట్టడం మొదలుపెట్టింది. "ఉండేది ఒక పిచ్చోడనుకుంటే, ఇప్పుడు ఇద్దరు" అంటూనే చిత్రాన్నం కట్టి ఇచ్చేది. సాయిబుకు కూడా లెక్కవేసి, ఇంకో గరిటె ఎక్కువే పెట్టేది. సాయంత్రం ఆయన ఎంత ఎత్తు ఎక్కారని ఎప్పుడూ అడగలేదు. డబ్బా మూత తీసి, అడుగున మెతుకులు మిగిలాయా అని చూసేది. ఎన్నిసార్లు పిలిచినా ఆ గుట్ట వైపు మాత్రం రాలేదు. "నాకు ఇంట్లో ఉండే గుట్టలు సాలు" అనేది.

ఇంకొకటి చెప్పకపోతే సాయిబు నన్ను క్షమించడు. మా పుట్టింట్లో ముగ్గు బియ్యప్పిండితో వేస్తాం, ఇక్కడ రాతిపొడితో. మామ చేతులు రాతిపొడికి పగిలిపోతున్నాయని నాకు జాలి వేసి, ఒక ఆదివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా ఆ సంచిలో మెత్తటి బియ్యప్పిండి నింపాను. సగం ఎక్కారు. చెమటకు పిండి తడిసింది. ఆయన చెయ్యి తీసి చూసుకున్నారు, వేళ్ల మధ్య సాగుతోంది. పైనుంచి కేక: "సాయిబూ, తాడు బిగించు! నా కోడలు నా సేతుల్లో దోసెలకు పిండి కలిపి పంపినాది!" సాయిబు నవ్వుతూ నవ్వుతూ ఎలా తాడు పట్టాడో ఆ దేవుడికే తెలియాలి. నాకు భూమిలోకి పోదామనిపించింది. దిగి వచ్చి, వేలు నాకి చూసి, "ఉప్పు తక్కువైంది పాపా" అన్నారు, అంతే. కోపం లేదు, దెప్పు లేదు. మరుసటి ఆదివారం చూస్తే, ఆయన చెయ్యి పెట్టిన చోటు నుంచి చెయ్యి పెట్టిన చోటుకు వరసగా చీమలు. "సూడు, నీ పుణ్యాన సీమలు గూడా ఈ దోవ నేర్సుకున్నాయి!" అని ఆ గుట్టంతా వినబడేలా నవ్వారు. ఇంట్లో చెబితే అత్త రెండు రోజులు తలుచుకుని తలుచుకుని నవ్వింది.

ఎప్పుడూ ఆయనే ముందు ఎక్కేవారు. పట్టు ఉన్న ప్రతి చోటా పిండి చెయ్యి గట్టిగా అద్ది పోయేవారు. "నా సెయ్యి యాడుందో సూడు, నీది ఆడ పెట్టు" అనేవారు. బూడిదరంగు బండ మీద తెల్లటి అరచేతులు, కింద నుంచి పైదాకా. వాటి మీద నా చేతులు పెట్టుకుంటూ పోయేదాన్ని. ఆయన అరచేతిలో నా చెయ్యి మునిగిపోయేది. అలా మూపు దాకా పోయేదాన్ని. మూపు దగ్గర ఆగిపోయేదాన్ని.

అక్కడ బండ మన మీదికి ఉబ్బి వస్తుంది. పట్టు ఆ ఉబ్బుకు అవతల ఉంది, కింద నుంచి కనబడదు. ఒంటిని బండకు దూరంగా వంచి, గుడ్డిగా చెయ్యి చాపి పట్టుకోవాలి. నాకు అది చేతకాలేదు. నేను గాజు గొట్టంలో రంగు మారితే తప్ప నమ్మని మనిషిని, కనబడని దాన్ని పట్టుకోమంటే ఎలా? ప్రతిసారీ అక్కడికి పోవడం, పైకి చూడడం, "దిగేస్తా మామా" అనడం. ఆయన ఒక్కనాడూ ఛీ అనలేదు. "దిగు, దిగు. మూపు యాడికీ పోదు" అనేవారు. ఇంటికి వస్తే అత్త నన్ను వదిలి ఆయన్ని అడిగేది, "పైకి పొయ్యిందా పిల్ల?" అని. "పోతాది" అనేవారు మామ. ఏళ్ల తరబడి అదే ప్రశ్న, అదే జవాబు.

చివరి ఆదివారం ఆయన నెమ్మదిగా ఎక్కారు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. వయసు అనుకున్నాం. నేను మామూలుగానే మూపు దగ్గర నుంచి దిగిపోయాను. ఆయన పైనుంచి తల వంచి అరిచారు. "పాపా, ఈడ గట్టిగా అద్దినాను! సంచిలో సగం పిండి దీనికే పెట్టినాను. వానొచ్చే లోపల వచ్చి సూసుకో!"

వచ్చే వారం చూస్తాలే మామా అన్నాను. గురువారం పొద్దున ఆయన కాఫీ గ్లాసు చల్లారిపోయింది.

మైల ఇంట్లో ముగ్గు వేయరు. కర్మాంతరం అయ్యేదాకా వాకిలి బోసిగా ఉంది. అత్త పొద్దున్నే అలవాటుగా లేచి, వాకిట్లోకి వచ్చి, అక్కడే నిలబడి, మళ్లీ లోపలికి పోయేది. నాకు అంతకన్నా పెద్ద దిగులు ఇంకొకటి పట్టుకుంది. సముద్రంలో వాయుగుండం అని ఫోన్లలో ఒకటే వార్తలు. తిరుపతి వైపు ఆకాశం నల్లబడుతోంది. ఫొటోలో ఉన్న మనిషి, గోడకు వేలాడే చొక్కా, అవన్నీ ఉంటాయి. కానీ ఆయన చెయ్యి, అచ్చంగా ఆయన చెయ్యి, ఆ మూపు వెనక ఉంది. ఒక్క వానకు పోతుంది. నేను చూడకుండానే పోతుంది.

పెరట్లో నిలబడి మబ్బులు చూస్తుంటే అత్త వచ్చింది. "ఏంది, తీగ మీది బట్టలు గూడా తియ్యకుండా అట్లా మొగులు సూస్తా ఉండావు?"

చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. అత్త బట్టలు గబగబా లాగి భుజాన వేసుకుంది.

"పో" అంది.

"మైల కదా అత్తా..."

"మైల మనకు. బండకేం మైల? ఆయన సెయ్యి ఆడుంటే ఈడ కూసోని ఏడిస్తే ఏమొస్తాది?" అని, కొంగు నడుముకు దోపుకుని, "ఉండు, నేను గూడా వస్తా" అంది.

కర్మ చేసే కొడుకు కాబట్టి మా ఆయన ఇల్లు కదలకూడదు. ఏదో అనబోయాడు. అత్త ఒక చూపు చూసింది. "సీకటి పడేలోపల వచ్చేయండి మా" అని ఊరుకున్నాడు. మేకుకున్న సంచి తీసుకుని నడుముకు కట్టుకున్నాను. అడుగున ఇంకా కొంచెం పిండి ఉంది. సాయిబు తాడు భుజాన వేసుకుని ఆటో తీసుకొచ్చాడు.

దున్నపోతు బండ ముందర అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పెళ్లి చూపుల్లో పిల్లవాణ్ణి చూసినట్టు కింద నుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా?" అంది బండతో. "నా ఆదివారాలన్నీ తినింది నువ్వేనా?"

సాయిబు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. పలకరించాలని మామ అనేవారు కదా, అంతకన్నా బాగా ఎవరు పలకరించగలరు! తర్వాత సాయిబు ఆమెను మేకల దోవలో మెల్లగా పైకి తీసుకుపోయి, ఒక చదును చోట కూర్చోబెట్టి, తాడు కట్టి దిగి వచ్చాడు.

నేను చెప్పులు విడిచి, చెయ్యి ఆనించి, ఎక్కాను. గాలికి కొన్ని గుర్తులు చెరిగిపోయాయి. కొన్ని ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద చెయ్యి పెట్టుకుంటూ పోయాను. మూపు కిందికి చేరి ఎప్పటిలాగే ఆగిపోయాను. మెడ మీద ఒక చినుకు పడింది. చల్లగా. "దిగేస్తా మామా" అని నోటిదాకా వచ్చింది. ఎవరితో అనాలి?

"నేను ఈడనే ఉండా" అంది పైనుంచి అత్త గొంతు. మనిషి కనబడదు. "ఆయన సెయ్యి నాకు కనబడతా ఉండాది. తెల్లంగా, అట్లే ఉండాది. నీ నెత్తికి కుడి పక్కన. పట్టుకో."

"నాకు కనబడలేదత్తా! సూడకుండా ఎట్లా పట్టుకునేది?"

"నేను పెండ్లిలో ఆయన సెయ్యి సూసి పట్టుకున్నానా?" అంది అత్త. "తల వంచుకోనే గదా పట్టుకుంది. పట్టుకో మా, వానొస్తా ఉండాది!"

నవ్వొచ్చింది నాకు. అంత భయంలో, అంత ఏడుపులో నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒళ్లు వంచి, కుడిచెయ్యి గుడ్డిగా అవతలికి చాపాను. వేళ్ల కింద రాయి లోపలికి తిరిగి ఉంది, నిండుగా, లోతుగా, పొడిపొడిగా. ఇంత మంచి పట్టు ఆ బండ మొత్తంలో ఇంకొకటి లేదు. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది. కింద సాయిబు తాడు బిగించి "శభాష్ బేటీ!" అని అరిచాడు. కాళ్ల మీద లేచాను.

పైకి చేరగానే అత్త నా మణికట్టు పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. నా అరచెయ్యి తిప్పి చూసింది. నిండా తెలుపు. ఆ చేతిని తీసుకుని రెండు కళ్లకూ అద్దుకుంది. కన్నీళ్లకు ఆమె రెప్పల మీద పిండి అంటుకుంది.

"పొయ్యింది పిల్ల" అంది, ఎవరికో చెబుతున్నట్టు.

తర్వాత నా నడుము నుంచి గులాబీ పువ్వుల సంచి విప్పి, మిగిలిన పిండి చేతిలోకి ఒంపుకుంది. బండ మీద దుమ్మును కొంగుతో తుడిచింది. నాలుగు చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తీగ తిప్పింది. చాలా చిన్న ముగ్గు.

"ఇంటి ముందర ఇప్పుడు వెయ్యగూడదు. ఈడ వద్దనేవాళ్లు ఎవురూ లేరు గదా" అంది. "ఈ బండకు పూస్తే ఏమొస్తాదో సూస్తా."

చినుకులు పెద్దవయ్యాయి. లే అత్తా, దోవ జారుతుంది, పోదాం అన్నాను. ఆమె లేవలేదు. ముగ్గు తడవకుండా రెండు అరచేతులూ దాని మీద గొడుగులా పట్టి, ప్రతి ఆదివారం మామ ఎక్కి వచ్చే అంచు వైపే చూస్తూ కూర్చుంది.